బొచ్చు రాలే కుక్కలున్న ఇంటికి 8,000 లోపు వాక్యూమ్ క్లీనర్: నేనైతే ఏది కొంటానంటే

మీరు రాసింది ఇదీ: మియాపూర్‌లో మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఇల్లంతా టైల్స్, హాల్లో ఒక గుడ్డ సోఫా, ఒక చిన్న కార్పెట్. మూడేళ్ల లాబ్రడార్, దానికి తోడు ఒక స్పిట్జ్. అమ్మగారికి ఆయాసం. బడ్జెట్ 8,000. ఆఫర్లో ఒక రోబో 12,000కి వస్తోంది, ఎలాగోలా సర్దుకుని అది తీసుకోమంటారా, లేక వైరు లేని స్టిక్ రకం తీసుకోమంటారా అని అడిగారు.

రెండూ వద్దండి. వైరున్న డ్రమ్ము రకం, అదే తడీ పొడీ రెండూ పీల్చే వెట్ అండ్ డ్రై మెషీన్, 5,500 నుంచి 6,500 లోపు ఒకటి తీసుకోండి. మిగిలిన డబ్బుతో డస్ట్ బ్యాగులు, ఒక స్పేర్ ఫిల్టరు, సోఫా కోసం చిన్న టర్బో బ్రష్, కుక్కలకి ఒక మంచి దువ్వెన కొనండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే వచ్చే దసరా సేల్ నాటికి ఆ మోడలే దొరక్కపోవచ్చు, అదే కారణం తెలిస్తే షాపువాడు ఏ డబ్బా చూపించినా మీరే తేల్చుకోగలరు.

మా ఇంట్లో కుక్కలు లేని రోజు లేక పదిహేడేళ్లయింది. మొదట స్పిట్జ్, మన దగ్గర చాలామంది పామరేనియన్ అని పిలిచేది. తర్వాత వరసగా రెండు లాబ్రడార్లు, ఇప్పుడు ఒక లాబ్రడార్, ఒక వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్క. ఈ పదిహేడేళ్లలో నాలుగు మెషీన్లు వాడాను, నాలుగింటినీ విప్పి లోపల ఎక్కడ ఏం ఇరుక్కుంటుందో కళ్లారా చూశాను.

ముందుగా ఒక విషయం. దుమ్ము వేరు, బొచ్చు వేరు. దుమ్ముని లాగడానికి గాలి బలం కావాలి. బొచ్చు తేలిక, దాన్ని లాగడం పెద్ద కష్టం కాదు, కానీ అది దారిలో ఎక్కడో చోట చుట్టుకుంటుంది, పేరుకుంటుంది, గుడ్డలోకి దిగబడుతుంది. లాబ్రడార్‌కీ స్పిట్జ్‌కీ రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన గరుకు వెంట్రుకలు, అడుగున దూది లాంటి మెత్తటి పొర. మంచం కింద ఉండలు ఉండలుగా దొరికేది ఆ అడుగు పొరే. సోఫా గుడ్డలో సూదుల్లా గుచ్చుకుని ఎంత దులిపినా రానివి లాబ్రడార్ పై వెంట్రుకలు, అవి పొట్టిగా బిరుసుగా ఉంటాయి కాబట్టి. కాబట్టి మెషీన్ కొనేటప్పుడు ఎంత గట్టిగా లాగుతుంది అన్న దానికంటే, లాగిన వెంట్రుక నోటి దగ్గర నుంచి డ్రమ్ము దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుందా, వెళ్లాక ఫిల్టరుని మూసేస్తుందా అన్నది ముఖ్యం. నేను ఏ మెషీన్‌నైనా ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తాను.

ఇక వాట్ల గురించి. డబ్బా మీద 1600 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేసేది మోటారు తినే కరెంటు, లాగే బలం కాదు. యూరప్‌లో 2014 సెప్టెంబరులో వాక్యూమ్ క్లీనర్లు 1600 వాట్లు మించకూడదని నిబంధన పెట్టారు, 2017 సెప్టెంబరులో దాన్ని 900కి దించారు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్లు పరిచే ఇళ్లు బోలెడున్న దేశాలకే 900 చాలినప్పుడు, మన నున్నటి టైల్స్‌కి 1000, 1200 ధారాళంగా సరిపోతుంది. పైగా ఒక చిక్కు ఉంది: 1600 వాట్ల మెషీన్ మన 230 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది, గోడ మీద ఉండే చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. అంత పెద్దది కొంటే ఏసీకో గీజరుకో పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్‌కే తగిలించాలి, అది ప్రతి గదిలో ఉండదు, అప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వేడెక్కే ప్లగ్గులు, అదో టెన్షన్. 1200 వాట్లయితే 5 ఆంపియర్ల చిల్లర, మామూలు సాకెట్‌కే సరిపోతుంది. ఏదైనా సరే, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి.

నిజంగా చూడాల్సిన అంకె కిలోపాస్కల్, అంటే లాగే బలానికి కొలత. డ్రమ్ము రకాల మీద 16 నుంచి 20 దాకా రాస్తారు. రోబోల మీద 4,000, 5,000 అని ఉంటుంది చూడండి, అది పాస్కల్స్‌లో, అంటే 4, 5 కిలోపాస్కల్స్. అంకె పెద్దదిగా కనబడుతుంది కానీ డ్రమ్ముతో పోలిస్తే నాలుగో వంతు. నేలకి ఆనుకుని తిరుగుతుంది కాబట్టి టైల్స్ మీద దానికి ఆ బలం చాలుతుంది, అది ఒప్పుకుంటాను. సోఫా ఎక్కలేదు, పరుపు ఎక్కలేదు, కిటికీ మెష్‌కి పట్టిన బొచ్చు తియ్యలేదు. మీ ఇంట్లో అసలు కష్టమంతా అక్కడే ఉంది కదా.

రోబో వద్దనడానికి ఇంకో పెద్ద కారణం రెండు కుక్కలు. చౌక రోబోల్లో చెత్త డబ్బా అరలీటరు కూడా ఉండదు, బొచ్చు రాలే రోజుల్లో ఒక్క గది అయ్యేసరికి నిండిపోతుంది. పక్క బ్రష్ ఇరుసుకీ ముందు చక్రానికీ వెంట్రుకలు తాడులా పేనుకుపోతాయి, వారానికి రెండుసార్లు కత్తెర పెట్టి కోసుకోవాలి. ఇక మీరు ఇంట్లో లేనప్పుడు ఏ కుక్కకో కడుపు పాడై హాల్లో దొడ్డికి వెళ్లిందనుకోండి, రోబో దాన్ని ఇల్లంతా పూసేస్తుంది. మా బంధువుల ఇంట్లో ఇది జరిగింది, మెషీన్ పారేయాల్సి వచ్చింది, ఇంట్లో వాసన వదలడానికి వారం పట్టింది. మలాన్ని గుర్తుపట్టి తప్పుకునే రోబోలు ఉన్నాయి, కానీ అవి మీ బడ్జెట్‌కి చాలా పైన.

వైరు లేని స్టిక్ సంగతి నేను అనుభవించే చెబుతున్నాను. 2019లో 9,000 పెట్టి ఒకటి కొన్నాను. మొదటి ఆరు నెలలు ఎంత హాయిగా ఉండిందో. తర్వాత ఎక్కువ స్పీడులో పెడితే ఎనిమిది నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది, పద్నాలుగో నెలలో ఛార్జింగే ఎక్కలేదు. సర్వీసు సెంటర్‌కి నాలుగుసార్లు తిరిగితే ఆ మోడల్ ఆపేశాం, బ్యాటరీ రాదు అన్నారు. మోటారు బాగుంది, బ్రష్ బాగుంది, బ్యాటరీ లేక మొత్తం చెత్తలోకి పోయింది. మంచి స్టిక్ మెషీన్లు ఉన్నాయండి, కాదనను, కానీ కుక్కలున్న ఇంటి పని మోయగలిగేవి పాతిక వేలకి పైమాటే. 8,000లో దొరికే వాటిలో బ్యాటరీ చిన్నది, డబ్బా చిన్నది, రెండూ కుక్క బొచ్చుకి చాలవు. కారులో సిగరెట్ లైటర్‌కి తగిలించే 12 వోల్టుల చిన్నవైతే అసలు లెక్కలోకే తీసుకోకండి.

ఇక డ్రమ్ము రకంలో ఏం చూడాలి. అగారో, ఇనాల్సా, యురేకా ఫోర్బ్స్, కార్చర్ లాంటివన్నీ ఈ ధరకి అటూ ఇటూ దొరుకుతాయి. పేరు కంటే నేను చూసేవి వేరే. మొదటిది, డస్ట్ బ్యాగు పెట్టుకునే వీలుందా లేదా. బ్యాగు లేకపోతే బొచ్చంతా నేరుగా ఫిల్టరుకి వెళ్లి ఉన్ని దుప్పటిలా చుట్టుకుంటుంది, పది నిమిషాలకోసారి ఆపి చేత్తో పీకాలి, పీకినప్పుడల్లా ఆ దుమ్ము మీ మొహానే. బ్యాగు ఉంటే బొచ్చు అందులోనే నొక్కుకుపోయి కూర్చుంటుంది, నిండాక మూతి మూసి పారేయడమే. బ్యాగుకి డబ్బు దండగ అంటారు కొందరు, అమ్మగారికి ఆయాసం ఉన్న ఇంట్లో అది దండగ కాదు.

రెండోది పైపు. లోపల వ్యాసం 35 మిల్లీమీటర్లు ఉంటే చాలా మంచిది, 32 అయినా పర్వాలేదు, అంతకంటే సన్నగా ఉంటే బొచ్చు ఉండ ఒకటి మెలిక దగ్గర ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకొకటి, ఇక అంతే. హోస్, అంటే వంగే గొట్టం, కనీసం మీటరున్నర ఉండాలి, వైరు నాలుగైదు మీటర్లు. మూడోది నేల బ్రష్. టైల్స్ మీద గరుకు కుచ్చు గిరగిర తిరిగే బ్రష్ వద్దు, అది వెంట్రుకల్ని లాగేలోపే పక్కకి ఎగరగొడుతుంది. తిరగని, అంచుకి మెత్తటి కుచ్చు లేదా రబ్బరు పట్టీ ఉన్నది కావాలి. తిరిగే బ్రష్ అవసరం సోఫా మీద, కార్పెట్ మీద. దానికే ఆ చిన్న టర్బో బ్రష్. కరెంటు అక్కర్లేదు, మెషీన్ లాగే గాలికే లోపల చిన్న ఫ్యాను తిరిగి బ్రష్‌ని తిప్పుతుంది. విడిగా దొరుకుతుంది, కొనేముందు మీ పైపు సైజు కొలుచుకుని వెళ్లండి, ఒక కంపెనీది ఇంకో కంపెనీ పైపుకి పట్టకపోవచ్చు.

ఈ ధరలో రెండు లోపాలు తప్పవు, ముందే తెలుసుకోండి. ఒకటి శబ్దం, దాదాపు 80 డెసిబెల్స్, పక్కన మనిషి మాట్లాడితే వినబడదు. రెండోది సైజు, మంచం కింద తొయ్యలేరు, దాచడానికి ఒక మూల కావాలి.

అమ్మగారి విషయం ఇంకాస్త చెప్పాలి. చాలామంది కుక్క వెంట్రుకల వల్లే ఆయాసం అనుకుంటారు. ఎలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలో, చర్మం మీద నుంచి రాలే సన్నటి పొట్టులో ఉండే ప్రోటీన్లు. కంటికి కనబడని ఆ పొట్టు గాలిలో గంటల తరబడి తేలుతుంది. మామూలు గుడ్డ ఫిల్టరున్న మెషీన్ బొచ్చుని లోపలికి లాగి, ఈ పొట్టులో సన్నటి భాగాన్ని వెనక నుంచి గదిలోకి ఊదేస్తుంది. ఇల్లు శుభ్రంగా కనబడుతుంది, అమ్మగారికి దగ్గు పెరుగుతుంది. కాబట్టి హెపా ఫిల్టరు, అంటే కంటికి కనబడని సన్నటి కణాల్ని కూడా ఆపే రకం, పట్టే మోడల్ చూడండి. హెచ్13 అని రాసి ఉంటే, దాటిపోవడానికి అత్యంత వీలున్న సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలని ప్రమాణం. 'హెపా టైప్', 'హెపా లైక్' అని ఉంటే అది హెపా కాదు. ఎంత మంచి ఫిల్టరైనా డ్రమ్ము మూత చుట్టూ రబ్బరు సరిగా కూర్చోకపోతే గాలి పక్కల నుంచి పోతుంది, అందుకే షాపులో మూత రెండుసార్లు తీసి పెట్టి చూడండి. ఫిల్టరొక్కటే అన్నీ ఆపేయదు కాబట్టి, మీరు ఊడ్చేటప్పుడు అమ్మగారిని ఇంకో గదిలో తలుపేసుకుని ఉండమనండి, కిటికీలు తెరవండి, అయ్యాక అరగంట ఆగి రమ్మనండి. బ్యాగు మార్చే పని ఆవిడకి అసలు ఇవ్వకండి, అది బాల్కనీలో మాస్కు పెట్టుకుని మీరే చెయ్యండి. ఆవిడ పడుకునే గదిలోకి కుక్కల్ని రానివ్వకపోవడం ఏ ఫిల్టరు కంటే ఎక్కువ పనిచేస్తుంది. చెప్పడం తేలిక, చేయడం కష్టం, నాకు తెలుసు, కానీ ఒక నెల గట్టిగా పట్టుబడితే కుక్కలకి అలవాటైపోతుంది. మందుల సంగతి మాత్రం డాక్టరుగారినే అడగండి.

వాడే పద్ధతిలో మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు ఫ్యాను. ఫ్యాను తిరుగుతుండగా ఊడిస్తే బొచ్చు ఈ మూల నుంచి ఆ మూలకి పోతుంది తప్ప ఇంట్లోంచి పోదు. పది నిమిషాల ముందే ఫ్యాన్లు ఆపండి, అన్నీ కిందికి దిగుతాయి, అప్పుడు మొదలుపెట్టండి. చీపురు కూడా ఇలాగే, కొస తగిలితే చాలు అడుగు పొర బొచ్చు పైకి లేస్తుంది. మీ ఇంట్లో పనిచేసే అక్కకి ఈ మెషీన్ వాడటం ఒకసారి దగ్గరుండి చూపించండి, చీపురు ముట్టకుండా ముందు వాక్యూమ్, తర్వాతే తడిగుడ్డ. వరస తప్పి తడి ముందు పెడితే బొచ్చు తడిసి టైల్స్ సందుల్లో అంటుకుపోతుంది, ఆరాక గీకినా రాదు.

సోఫాకి ఒక చిట్కా, ఖర్చు లేనిది. గిన్నెలు తోమడానికి వేసుకునే రబ్బరు గ్లవ్స్ ఉంటాయి కదా, వాటిని కాస్త తడిచేసి సోఫా మీద ఒకే వైపుకి గట్టిగా రాయండి. దిగబడిన వెంట్రుకలు ఉండలై పైకి వస్తాయి, అప్పుడు టర్బో బ్రష్ పెడితే ఒక్క లాగుడుకి పోతాయి. నేరుగా వాక్యూమ్ పెడితే పావుగంట పట్టేది ఇలా ఐదు నిమిషాల్లో అవుతుంది. కార్పెట్ మీదైతే కిటికీ అద్దాలు తుడిచే రబ్బరు వైపర్‌తో గీకండి, ఎంత వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. నిజానికి ఆ చిన్న కార్పెట్ తీసి పైన పెట్టేస్తే మీ పనిలో మూడో వంతు తగ్గుతుంది.

దువ్వెన గురించి మొదట్లోనే రాశాను, మళ్లీ ఎత్తుతున్నాను, ఎందుకంటే ఇది చెబితే ఎవరూ పట్టించుకోరు. రోజూ పది నిమిషాలు బాల్కనీలో కూర్చోబెట్టి దువ్వితే, నేల మీద రాలాల్సిన దాంట్లో చాలా భాగం మీ చేతికే వస్తుంది. లాబ్రడార్‌కి వెడల్పు పళ్లుండి అడుగు పొర లాగే రేక్ రకం, స్పిట్జ్‌కి సన్న తీగలుండే స్లిక్కర్ బ్రష్. చలికాలం పోయి ఎండలు ముదిరే రోజుల్లో, అంటే సంక్రాంతి దాటి ఉగాది దాకా, మా ఇంట్లో విపరీతంగా రాలుతుంది, అప్పుడు రోజుకి రెండుసార్లు దువ్వుతాం. ఎండాకాలం కదా అని గుండు మాత్రం చేయించకండి, ఆ రెండు పొరలే వాటిని ఎండ నుంచీ కాపాడతాయి, ఒకసారి గీయిస్తే స్పిట్జ్‌కి మళ్లీ సరిగా రాకపోవచ్చు కూడా. రాలడం ఒకచోటే గుండ్రంగా ఉన్నా, చర్మం ఎర్రగా ఉన్నా, ఊరికే గోక్కుంటున్నా అది సీజన్ కాదు, పిడుదులో గజ్జో ఫంగసో అయి ఉండొచ్చు, డాక్టరుకి చూపించండి.

మెషీన్‌తో లాగకూడనివి కొన్ని ఉన్నాయి. ముగ్గు పిండి, అగరుబత్తి బూడిద, గోడకి సున్నం గీకిన పొడి. ఇవి మెత్తటి పొడులు కాబట్టి ఫిల్టరు రంధ్రాల్లో దిగిపోతాయి, లాగే బలం తగ్గిపోతుంది. కుక్క ఉచ్చ పోస్తే, వెట్ అండ్ డ్రై కదా లాగుతుంది అని పొడి ఫిల్టరుతోనే లాగెయ్యకండి, బ్యాగూ ఫిల్టరూ తీసి స్పాంజి ఫిల్టరు పెట్టాకే తడి లాగాలి, అయ్యాక డ్రమ్ము కడిగి ఎండబెట్టాలి. లేకపోతే ఆ తర్వాత మెషీన్ పెట్టిన ప్రతిసారీ ఇల్లంతా అదే వాసన. నేనైతే ఉచ్చకి పాత గుడ్డే వాడతాను.

శబ్దం వినండి, మెషీనే చెబుతుంది. దారి ఎక్కడైనా మూసుకుపోతే మోటారు గొంతు సన్నబడి కీచుగా పైకి వెళ్తుంది. అది వినబడగానే ఆపి, పైపు మెలిక, బ్రష్, బ్యాగు ఈ వరసలో చూడండి. అలాగే నడిపితే మోటారు వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, చాలావాటిలో ఆ రక్షణ ఉంటుంది, అరగంట చల్లారాక మళ్లీ తిరుగుతుంది, కానీ పదేపదే ఇలా జరిగితే ఆయుష్షు తగ్గుతుంది. ఈ మోటార్లలో అరిగేవి కార్బన్ బ్రష్‌లు, చిన్న నల్ల ముక్కలు, మిక్సీలు బాగుచేసే ఏ షాపులోనైనా తక్కువలో మార్చేస్తారు. వైరున్న మెషీన్ కొనమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే, చెడిపోతే బాగుచేసేవాడు మన వీధిలోనే ఉంటాడు. మా డ్రమ్ము మెషీన్‌కి ఏడో ఏడు నడుస్తోంది, ఇప్పటికి మార్చింది కార్బన్ బ్రష్‌లు ఒకసారి, హోస్ ఒకసారి.

కొనే రోజు ఆన్‌లైన్లో ధర చూసి, ఆ మోడల్‌కి బ్యాగులు, ఫిల్టరు, హోస్ విడిగా దొరుకుతున్నాయో లేదో అదే సైట్‌లో వెతకండి. దొరకకపోతే 2,000 తక్కువకి వచ్చినా వదిలెయ్యండి. వచ్చాక రిటర్న్ గడువు అయ్యేలోపే సోఫా, పరుపు, మంచం కింద, అన్నిచోట్లా వాడి చూడండి, డబ్బా అప్పటిదాకా పారేయకండి.

ఆఖరుగా కుక్కల భయం. కుక్కకి మనకి వినబడని కీచు శబ్దాలు కూడా వినబడతాయి, మనకి 20,000 హెర్ట్జ్ దాకా అయితే వాటికి 45,000 దాకా, ఆ మోటారు వాటికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి మూడు రోజులు మెషీన్‌ని ఆన్ చెయ్యకుండా హాల్లో ఊరికే ఉంచండి, వాసన చూసుకోనివ్వండి, దాని పక్కనే బిస్కెట్టు పెట్టండి. నాలుగో రోజు వేరే గదిలో తలుపేసి ఒక్క నిమిషం ఆన్ చెయ్యండి, ఆ నిమిషంలో ఇంకొకరు వాటి దగ్గర కూర్చుని తినిపిస్తూ ఉండాలి. రోజుకి కొంచెం పెంచుకుంటూ పోండి. పైపు పట్టుకుని వాటి వైపు నడవడం, పిల్లలు దాంతో కుక్కని తరమడం మాత్రం ఒక్కసారి కూడా జరగనివ్వకండి. మా మొదటి లాబ్రడార్‌కి రెండు వారాలు పట్టింది. స్పిట్జ్‌లు కాస్త అరుస్తాయి, దానికి ఇంకో వారం ఎక్కువ ఇవ్వండి.